ఇంకా పడని చిల్లుకాణీ

వింధ్యావళి మీట మీద వేలు పెట్టింది గానీ ఇంకా నొక్కలేదు. అప్పటికే యంత్రం కుయ్యిమంది.

"నొక్కావా?" అన్నాడు చిదంబరం, గునపం పట్టుకుని పక్కనే నిలబడి.

"లేదండీ."

నొక్కే ఉంటావులే, ఈమధ్య చేసింది చేసినట్టే మర్చిపోతున్నావని భార్యను ఆటపట్టిస్తూ ఆయన తవ్వడం మొదలెట్టాడు. తెర మీద ఇత్తడి, గుండ్రటి డబ్బా ఆకారం, బెత్తెడు లోతు అని కనిపిస్తోంది. బెత్తెడు కాదు, మోకాలి లోతు తవ్వినా ఇత్తడీ లేదు, ఇనుమూ లేదు. చెమట తుడుచుకుని, ఉసూరుమంటూ గుంట పూడ్చేశాడు.

బందరులో వాళ్లు తవ్వుతున్న ఆ సుంకం పార్కు ఉన్న చోట ఒకప్పుడు రేవుకొచ్చిన సరుకు మీద సుంకం వసూలుచేసే కచేరీ ఉండేదట. కచేరీ పోయింది, దాని గోడలూ పోయాయి. ఇప్పుడు నాలుగు సిమెంటు బల్లలు, ఒక జారుడుబండ, పొద్దున్నే చేతులూపుకుంటూ నడిచే పెద్దమనుషులు మిగిలారు. మట్టిలో మాత్రం అప్పటి నాణేలు అలాగే ఉండిపోయాయి. గట్టి వాన పడితే డచ్చివాళ్ల రాగి నాణెం ఒకటైనా పైకి తేలుతుంది. చిదంబరానికి వాటి పిచ్చి. హైస్కూల్లో సోషలు చెప్పి రిటైరయ్యాక అది మరీ ముదిరింది. తవ్విన గుంట పూడ్చాలి, దొరికింది మ్యూజియానికివ్వాలి అన్న షరతు మీద మున్సిపాలిటీలో కాయితం కూడా రాయించుకుని తెచ్చుకున్నాడు.

బజారులో దొరికే యంత్రాలు జానెడు లోతు దాటి వినలేవు. వింధ్యావళి పాలిటెక్నిక్‌లో ముప్ఫయ్యేళ్లు ఎలక్ట్రానిక్స్ చెప్పిన మనిషి. మొగుడి పోరు పడలేక ఇరవై అడుగుల లోతుకు వినే యంత్రం తానే చేస్తానంది. వంటింటి పక్క సామాన్ల గదిలో ఎనిమిది నెలలు తీగ చుట్టింది, విప్పింది, మళ్లీ చుట్టింది. మీట నొక్కితే యంత్రం నేలలోకి ఒక పిలుపు పంపుతుంది. లోపల లోహం ఏదన్నా ఉంటే బదులు పలుకుతుంది. అంత లోతు నుంచి వచ్చే బదులు మరీ సన్నగా ఉంటుంది కాబట్టి, వినే భాగాన్ని ఆవిడ చురుకు చేసింది, ఇంకా చురుకు చేసింది. ఎంత చేసిందంటే, పిలవకముందే వచ్చే బదులు కూడా అది వినేసింది. అదెలాగో ఆవిడకూ తెలియదు.

మూడు రోజుల తర్వాత, డ్రిల్లు మాస్టారు కోటిలింగం గారు ఆ గుంట పక్కనున్న బల్ల దగ్గర వంగి బూటు లేసు కట్టుకుంటుంటే జేబులోంచి నస్యం డబ్బా జారింది. ఇత్తడిది, గుండ్రటిది. చిదంబరం పూడ్చిన గుంట ఇంకా మెత్తగానే ఉంది. ఆ పైన మాస్టారు బూటుకాలు వేసేసరికి డబ్బా బెత్తెడు లోతుకు దిగిపోయింది. చిదంబరం తవ్వి తీసిచ్చి, ఇంటికొచ్చి భార్య వంక చూశాడు. ఆవిడ అప్పటికే పాత కాయితాలు ముందేసుకుని కూర్చుంది. మొన్నటి బదులు మీట కంటే మూడు గళ్లు ముందు వచ్చినట్టు తెర గీసిన గీతలో ఉంది. గడికి ఒక రోజు.

"ఉన్నది కాదండీ ఇది వింటున్నది. పడబోయేది," అంది వింధ్యావళి.

చిదంబరానికి మాత్రం పండగలా ఉంది. ఒకసారి విన్నదాన్ని పడకుండా ఆపి చూద్దాం అన్నాడు. రెండు గళ్లు ముందు పలికిన బదులు మరొకటి దొరికింది. గేటు దగ్గర, నేల మీదే, ఒక తాళంచెవి. చెప్పిన రోజున ఆయన పొద్దుటినుంచీ గేటు దగ్గర కాపలా నిలబడి, వచ్చేపోయేవాళ్లందరికీ తాళాలు జాగ్రత్త, తాళాలు జాగ్రత్త అని చెప్పాడు. జనం ఈయనకేదో అయిందనుకున్నారు. సాయంత్రం దాకా ఒక్క తాళం పడలేదు. గెలిచానని నవ్వుకుంటూ, చెమట తుడుచుకోవడానికి జేబులోంచి రుమాలు లాగాడు. దాంతోపాటు ఆయన స్కూటరు తాళంచెవి వచ్చి నేల మీద పడింది. కాపలాకు రాకపోతే ఆ తాళం అక్కడ ఉండేదే కాదు. ఆయన ఆ మాట పదిమందికి చెప్పుకుని నవ్వాడు. వింధ్యావళికి నవ్వు రాలేదు.

ఆ తర్వాతి శుక్రవారం మనవరాలిని కూడా పార్కుకు తీసుకెళ్లారు. బుల్లెమ్మకు రెండున్నరేళ్లు. వాళ్లమ్మ హైమ, వీళ్ల కూతురు, ఆస్పత్రిలో నర్సు. తండ్రి ఐసు ఫ్యాక్టరీలో మెకానిక్కు. రెండు వీధులవతల కాపురం. హైమకు నైట్ డ్యూటీలున్న వారాల్లో తల్లీ పిల్లా ఇక్కడే ఉంటారు. బుల్లెమ్మకు యంత్రమంటే ప్రాణం. అది కుయ్యిమంటే తనూ కుయ్యిమంటుంది, మీట తనే నొక్కాలంటుంది. కాళ్లకు వెండి పట్టీలు, మొలకు నల్లతాడు, ఆ తాడుకు ఒక చిల్లుకాణీ. యుద్ధకాలంలో రాగి పొదుపు కోసం మధ్యలో చిల్లుపెట్టి పోసిన పైసా అది. దిష్టికి మంచిదని చిదంబరం తన పెట్టెలోంచి తీసిచ్చాడు. అంచు కోసుకుపోయి తాడు తెగుతోందని, కంసాలి చేత చిల్లు చుట్టూ సన్నటి వెండి కట్టు వేయించాడు.

పడమటి గోడ పక్కన, నందివర్ధనం పొద దగ్గర యంత్రం పలికింది. మీటకు ఆరు గళ్లు ముందు. లోతు పధ్నాలుగు అడుగులు. తెర మీద రాగి బిళ్ల, మధ్యలో గుండ్రటి చిల్లు. దాని పక్కనే వెండి.

"చిల్లుకాణీ!" అన్నాడు చిదంబరం సంబరంగా. ఆ మాట నోట్లో ఉండగానే ఆయన మొహంలో రంగు మారింది. వెండి వేసిన చిల్లుకాణీ బందరు మొత్తం మీద ఇంకొకటి ఉండదు. అది ఆ క్షణాన బుల్లెమ్మ మొలను ఊగుతోంది, పిల్ల మీట కోసం చేతులు చాస్తోంది. వెండి కాస్త ఎక్కువగా కనపడుతోందని వింధ్యావళికి అనిపించింది. అనిపించినా పట్టించుకునే స్థితిలో లేదు. పిల్లను చంకనేసుకుని, చెప్పులు కూడా అక్కడే వదిలేసి ఇంటికొచ్చేసింది.

పధ్నాలుగు అడుగుల లోతుకు కాణీ ఎలా పోతుంది? చిదంబరం వెళ్లి పార్కు వాచ్‌మన్ ఏసురత్నాన్ని పట్టుకున్నాడు. పోయిన ఎండాకాలం అక్కడ బోరు వేశారట. ఉప్పునీళ్లు పడ్డాయట. గొట్టం పెరికేసరికి అడుగంతా కూలి పదిహేనడుగుల గొయ్యి మిగిలిందట. కాంట్రాక్టరు దాని నోరు అలాగే వదిలేసి పోతే, ఏసురత్నమే ఎక్కడినుంచో కడపరాయి ఒకటి ఈడ్చుకొచ్చి మూతేశాడట. పూడ్చమని పైవాళ్లకు నాలుగుసార్లు చెప్పానండీ, రేపంటారు ఎల్లుండంటారు అన్నాడు. వింధ్యావళి వెళ్లి ఆ రాయిని చూసింది. పెద్దది, బరువైనది. దాని మీద నిలబడి చూసింది, కదలలేదు. అయినా ధైర్యం రాలేదు. బట్టలుతుక్కోవడానికి బాగుంటుందని ఎవరన్నా ఎత్తుకుపోతే? పేపర్లో అలాంటి వార్త ఎన్నిసార్లు చదివింది! బోరులో పిల్ల, చుట్టూ జనం, కింద నుంచి వినిపించే ఏడుపు, ఆ తర్వాత ఆ ఏడుపూ వినపడకపోవడం.

రోజూ పొద్దున్నే వెళ్లి వినేది. ఆరు గళ్లు అయిదయ్యాయి, అయిదు నాలుగయ్యాయి. లెక్క తప్పలేదు. కాణీ పడేది గురువారం.

వెంటనే పూడ్పించేద్దాం అన్నాడు చిదంబరం. వద్దంది. తాళంచెవి సంగతి మర్చిపోయారా అంది. పూడ్చేవాళ్లు రాయి తీస్తారు, తీసి టీకి పోతారు, ఎవరు చెప్పగలరు? ఆపబోతే ఆపబోయినవాళ్ల చేతిమీదుగానే జరిగిందది. రాత్రంతా ఆలోచించి, తెల్లారేసరికి ఆవిడకు ఒక దారి తోచింది.

"కాణీ పడి తీరుతుందండీ. యంత్రం చెప్పింది కాణీ గురించే. పిల్ల గురించి చెప్పలేదు. ఆ కాణీని నేనే తీసి నా చేత్తో వేస్తాను. అప్పుడిక పిల్ల పడాల్సిన పనేముంది?"

హైమ ఒప్పుకుంటుందా అన్నాడు చిదంబరం.

హైమ ఒప్పుకోలేదు. యంత్రం సంగతి విని నవ్వలేదు, నమ్మనూ లేదు. ఆస్పత్రిలో రోజూ చూసే చావులు చాలు, ఇంట్లో కూడా వాటి మాటేనా అంది. మొలతాడు తీసివ్వమనగానే మాత్రం మొహం ఎర్రబడింది.

"బతికున్న పిల్ల మొలతాడు తెంపమంటావా? ఎవరికి తెంపుతారమ్మా మొలతాడు? చెప్పు."

ఎవరికి తెంపుతారో వింధ్యావళికీ తెలుసు. కాటికి తీసుకెళ్లేముందు తెంపుతారు. ఆ మాట కూతురి నోట రానివ్వకుండా, తెంపొద్దులే, మారుద్దాం అంది. అందరూ చేసేదే కదా అది. ముందు కొత్తది కడతారు, ఆ తర్వాతే పాతది తీస్తారు, పిల్ల మొల ఒక్క నిమిషం కూడా బోసిగా ఉండనివ్వరు. అందుకైతే హైమ సరేనంది. శుక్రవారం తలంటి పోసి మారుద్దామంది. గురువారమే చేద్దామంటే, ఆ రోజు అమావాస్య, కుదరదంది. ఎంత బతిమాలినా ఒక్క రోజు ముందుకు జరగలేదు.

గురువారం పొద్దున యంత్రం వినిపించిన బదులు మీటకు అరగడి కూడా ముందు లేదు. చిదంబరం ఇసుకకూ సిమెంటుకూ ట్రాలీ ఆటో మాట్లాడటానికి వెళ్లాడు. కాణీ పడ్డ మరుక్షణం బోరు పూడ్చేయాలని ఇద్దరూ అనుకున్నారు. మధ్యాహ్నం హైమ నైట్ డ్యూటీ అలసటతో ఒళ్లెరక్కుండా నిద్రపోతోంది. పక్కనే ఉక్కకు చెడ్డీ ఒక్కటే వేసుకుని బుల్లెమ్మ బోర్లా పడుకుంది. వింధ్యావళి కొత్త మొలతాడు కొని కొంగున ముడేసుకునే ఉంది. ముందు అది కట్టాలి. కట్టాలంటే పిల్లను వెల్లకిలా తిప్పాలి, తిప్పితే లేస్తుంది, లేస్తే తల్లిని లేపుతుంది. వచ్చాక కడదాంలే, ఎంతసేపు, అనుకుంది. కత్తెరతో నల్లతాడు కత్తిరించింది. కాణీ ఊడి చేతిలోకి వచ్చింది, ఇంకా పిల్ల ఒంటి వెచ్చదనం దాని మీద ఉంది. తెగిన తాడు పక్క మీదే ఉండిపోయిన సంగతి ఆవిడ చూసుకోలేదు.

పార్కులో పిట్ట లేదు. ఏసురత్నం అన్నానికి వెళ్లాడు. వింధ్యావళి గునపం రాయి కిందకు దూర్చి, ఒళ్లంతా బరువేసి నొక్కింది. నాలుగోసారికి రాయి కదిలింది. పక్కకు నెట్టింది. బోరు నోరు వంటింటి బిందె నోరంత ఉంది, లోపల నల్లగా, ఉప్పునీటి కంపు. కాణీని కళ్లకద్దుకుని వదిలేసింది. గోడలకు తగులుతూ పోయి, కిందెక్కడో బుడుంగుమంది.

గుండె కాస్త కుదుటపడింది. ఇక యంత్రం మామూలుగా, మీట నొక్కాకే పలకాలి. ఆ ఒక్కటీ విని రాయి మూసేద్దామనుకుంది. యంత్రం తీగచుట్టను బోరు నోటి మీద అడ్డంగా పెట్టి మీట నొక్కింది.

రాగి ఈసారి మీట నొక్కాకే పలికింది. ఉన్నది ఉన్నట్టు, బుద్ధిగా. వెండి మాత్రం ముందు పలికింది. ఆ గీత మీటకు వెంట్రుకవాసి ముందుంది.

వింధ్యావళి మళ్లీ చూసింది. కాణీ పడిపోయింది. కాణీకున్న వెండీ దాంతోనే పోయింది. మరి ఈ వెండి ఏమిటి? మొదటి రోజునే వెండి ఎక్కువగా అనిపించింది తనకు. తెర మీద ఆకారం చూసింది. కాణీకి వేసిన కట్టు కాదది. సన్నటి గొలుసులా ఉంది, దాని పొడుగునా చిన్న చిన్న మువ్వలు.

గేటు వైపు నుంచి ఘల్లుఘల్లుమని వినపడింది.

హైమ జుట్టు విరబోసుకుని, చంకన పిల్లతో, పిడికిట్లో తెగిన నల్లతాడుతో పరిగెత్తుకొస్తోంది. నిద్రలేచి చూస్తే పక్కలో బోసి మొలతో పిల్ల, పక్కన తెగిన మొలతాడు. ఏ తల్లికైనా ప్రాణం ఎక్కడుంటుంది? దగ్గరికి రావద్దని వింధ్యావళి అరిచింది. రెండు చేతులూ అడ్డంగా ఊపింది. హైమకు అవేవీ వినపడలేదు, కనపడలేదు. వచ్చీ రావడంతోనే పిల్లను కింద దింపి, తల్లి భుజాలు పట్టుకుని కుదిపేసింది. తెంపావా, చివరికి నీ చేత్తోనే తెంపావా అని ఏడుస్తోంది. వింధ్యావళి కూతురి చేతుల్లోంచి విడిపించుకోవాలని పెనుగులాడుతోంది.

బుల్లెమ్మ ఇద్దర్నీ పట్టించుకోలేదు. అమ్మమ్మ యంత్రం కనపడింది. కుయ్యి అంది. పొద చుట్టూ తిరిగి, మీట నొక్కుదామని యంత్రం ముందు చతికిలబడి కాళ్లు చాపింది. ఆ తోపుకు తీగచుట్ట పక్కకు జరిగింది. పిల్ల కాళ్లు రెండూ బోరులోకి దిగాయి.

వింధ్యావళి కూతుర్ని ఒక్క తోపు తోసి దూకింది. ఇంట్లో పిల్ల మంచం మీద నుంచి పడబోయినా, మెట్ల మీద తూలినా, ఆవిడ చెయ్యి వెళ్లేది మొలతాడుకే. రెండున్నరేళ్లుగా అదే అలవాటు. ఇప్పుడూ చెయ్యి అక్కడికే వెళ్లింది. అక్కడ తాడు లేదు. చెమటపట్టిన చర్మం తగిలింది, వేళ్ల మధ్యనుంచి జారిపోయింది. మొల దిగిపోయింది, పొట్ట దిగిపోయింది. పిల్ల ఇంకా ఆటే అనుకుంటోంది, అమ్మమ్మ మొహంలోకి చూసి నవ్వింది. చంకల దాకా దిగినప్పుడు ఒక చెయ్యి దొరికింది. పాలగ్లాసు పట్టుకునే ఎడమ చెయ్యి. రెండో చేతిని హైమ పట్టుకుంది. ఇద్దరూ నేల మీద పడుకుని, ఒక్క మాటైనా అనుకోకుండా లాగారు. లోపల పిల్ల కాలు గోడకు రాసుకుంది. ఏదో ఊడింది. గోడలకు తగులుతూ పోయి, కిందెక్కడో బుడుంగుమంది.

అప్పుడు ఏడ్చింది బుల్లెమ్మ. మోకాళ్లు చెక్కుకుపోయి, ఒళ్లంతా బురదతో, గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు అంత చల్లగా ఉంటుందని ఆ ఇద్దరికీ ముందెప్పుడూ తెలియదు. హైమ పిల్లను గుండెకేసి అదుముకుంది. ఒక కాలికి పట్టీ ఉంది. రెండో కాలికి లేదు.

ట్రాలీ ఆటో దిగిన చిదంబరానికి తల్లీకూతుళ్లిద్దరూ మట్టిలో కూర్చుని కనిపించారు. ఆయన వెంటనే ఇసుక మోయడం మొదలెట్టాడు. ఏసురత్నం అన్నం సగంలో వదిలేసి వచ్చి చేయి వేశాడు. సాయంత్రానికి బోరు పూర్తిగా పూడిపోయింది. మధ్యలో ఎవరి కాలో తగిలి యంత్రం మీట నొక్కుకుంది. రాగీ వెండీ రెండూ మీట తర్వాతే పలికాయి.

హైమ ఇంటికి బయల్దేరేముందు తల్లి దగ్గరికొచ్చింది. గొంతులో కోపం లేదు. అందుకే వింధ్యావళికి మరీ భయమేసింది.

"నువ్వు వినకపోతే ఆ రాయి ఎవరు తీసేవాళ్లమ్మా?" అంది.

వింధ్యావళి కొంగు ముడి విప్పి కొత్త మొలతాడు తీసింది. హైమ అది తీసుకుని తనే కట్టింది.

వింధ్యావళి యంత్రాన్ని ఆ రాత్రే విప్పేసింది. తీగ మొత్తం లాగి, ముక్కలుగా కత్తిరించింది. తను రాసిన కాయితాలు పొయ్యిలో వేసింది. చిదంబరం అడ్డు చెప్పలేదు. ఆ తర్వాత ఆయన పార్కుకు నడకకే వెళ్లాడు, నేల వంక చూడలేదు. నైట్ డ్యూటీలొచ్చినా హైమ పిల్లను పుట్టింట్లో వదల్లేదు, అత్తగారిని పిలిపించుకుంది. ఏడాది దాటింది. మెల్లగా మాటలు కలిశాయి. పండక్కో పబ్బానికో వింధ్యావళి కూతురింటికి వెళ్లొస్తోంది.

వెళ్లిన ప్రతిసారీ గుమ్మం ముందు ఒక్క నిమిషం ఆగుతుంది. కాలింగ్ బెల్ మీద వేలు పెడుతుంది గానీ నొక్కదు. తను నొక్కకముందే అది మోగుతుందేమోనని చెవులు రిక్కించి వింటుంది. పక్కింటివాళ్లు చూసి, ఏమ్మా, కరెంటు లేదా అంటారు. రెండో పట్టీ కూడా తీసేద్దామంటే బుల్లెమ్మ ఒప్పుకోలేదు, ఒంటికాలి పట్టీతోనే తిరుగుతోంది. లోపల ఆ ఒక్క పట్టీ ఘల్లుమన్నాకే వింధ్యావళి బెల్ నొక్కుతుంది.